అంగన్‌వాడీ లెక్కల్లో వైకల్యం ఉన్న పిల్లలు ఇంత తక్కువా? ఈ డేటాతో అసలు ఏం చేయాలి?

పడమటి_సూపర్‌వైజర్

అందరికీ నమస్కారం. నేను కర్నూలు జిల్లాలో ఆదోని వైపు ఐసీడీఎస్ (అంగన్‌వాడీల పథకం) సెక్టార్ సూపర్‌వైజర్‌ని. నా కింద 24 సెంటర్లు, ఆరేళ్ళ లోపు పిల్లలు వెయ్యికి కాస్త పైన. మొన్న ఏదో మీటింగ్ కోసం దివ్యాంగ పిల్లల జాబితా అడిగితే అన్ని సెంటర్ల నుంచి తెప్పించాను. మొత్తం ఏడుగురు. ఏడుగురే! అందులో ఐదుగురు దారిన పోయేవాళ్ళు కూడా చూసి చెప్పగలిగే పిల్లలు, అంటే నడవలేనివాళ్ళు, కాలు వంకర ఉన్నవాళ్ళు. మూడేళ్ళ లోపు ఒక్క బిడ్డ పేరు కూడా లేదు.

2011 జనాభా లెక్కల్లో ఆరేళ్ళ లోపు పిల్లల్లో వైకల్యం ఉన్నవాళ్ళు 1.24 శాతం. ఆ లెక్కన చూసినా నా సెక్టార్‌లో పన్నెండు మంది ఉండాలి, ఆ లెక్కే తక్కువ అని అంటారు. అంటే మిగతా పిల్లలు ఎక్కడో ఉన్నారు, మా రిజిస్టర్లలో లేరు, అంతే.

నా ప్రశ్న రెండు ముక్కలు. ఒకటి, వీళ్ళను లెక్కలోకి తేవాలంటే కార్యకర్తలతో ఏం రాయించాలి, ఏం అడిగించాలి? రెండోది ఇంకా ముఖ్యం. తెచ్చాక ఆ లెక్కతో నేను, నా స్థాయిలో, ఏం చేయగలను? ఇన్నేళ్ళుగా పైకి పంపిన రిపోర్టులు పైనే ఉండిపోయాయి, కిందకి వచ్చిందేమీ లేదు. ఇంకో ఫార్మాట్ పెట్టి టీచర్ల ప్రాణం తీయాలని నాకు లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, సలహాలు చిన్నవైనా పర్లేదు.

ఆయా_లేని_సెంటర్

మేడమ్, మీరు మా సూపర్‌వైజర్ కాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా. నేను అంగన్‌వాడీ టీచర్‌ని, పదిహేనేళ్ళు అయింది. పేర్లు ఎందుకు రావో చెప్తాను.

మూడేళ్ళ పిల్లాడు మాట్లాడటం లేదని నాకు తెలుసు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు, అదీ తెలుసు. కానీ వాళ్ళమ్మతో ఆ మాట అంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఒకసారి అన్నాను. "మా మేనమామ కూడా ఐదేళ్ళకే మాట్లాడాడు, నువ్వు మా పిల్లాణ్ణి మూగోణ్ణి చేస్తున్నావా" అని ఆ నానమ్మ వీధిలో నిలబడి తిట్టింది. వారం రోజులు పిల్లాణ్ణి పంపలేదు, ఆ తర్వాత పక్క ఊరి ప్రైవేటు బడిలో వేశారు. నా హాజరులో ఒకరు తగ్గారు. అది మాత్రం మీటింగ్‌లో అడిగారు!

రెండో సంగతి. ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్, టీహెచ్‌ఆర్ (ఇంటికిచ్చే సరుకులు) ఇవ్వాలంటే ముఖం ఫోటో, బరువు, ఎత్తు, ఇంటి సందర్శనలు, పైన రిజిస్టర్లు. ఇన్నిటి మధ్య "దివ్యాంగులా? అవును / కాదు" అని వస్తే నా వేలు ఎటు పోతుంది మేడమ్? "అవును" నొక్కితే ఏ రకం, ఎంత శాతం, సర్టిఫికెట్ ఉందా అని ప్రశ్నలు మొదలు. రెండేళ్ళ పిల్లకి సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? "కాదు" నొక్కి ముందుకు పోతాం. మీ ఏడుగురి లెక్క అలా వచ్చింది.

2023 నవంబర్‌లో దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ అని కేంద్రం విడుదల చేసింది కదా, ఆ శిక్షణ నేనూ విన్నాను. మంచి శిక్షణే, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఏ వయసుకి ఏం రావాలి, రాకపోతే ఆశ, ఏఎన్ఎం ద్వారా ఆర్‌బీఎస్‌కే టీమ్‌కి (పిల్లల్ని పరీక్షించే డాక్టర్ల బృందం) చూపించండి అని బాగానే చెప్పారు. కానీ చూపించాక ఏమైందో మాకు ఎవరూ తిరిగి చెప్పరు. మేము పంపిన బిడ్డ ఎక్కడ చేరిందో తెలియకపోతే రెండో బిడ్డను పంపే ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఫిజియో_గారు

పై టీచరమ్మ చివర రాసిన మాటకి దండం. నేను వేరే జిల్లాలో డీఈఐసీలో (ఎదుగుదల సమస్యలున్న పిల్లల్ని చూసే జిల్లా సెంటర్) ఫిజియోథెరపిస్ట్‌ని. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఆర్‌బీఎస్‌కే అని 2013లో మొదలైన పథకం, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లల్ని పరీక్షించాలి. అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లల్ని ఒకసారి మొబైల్ టీమ్ వచ్చి చూస్తుంది. అనుమానం ఉన్నవాళ్ళను జిల్లాలో ఉండే మా సెంటర్‌కి పంపుతారు. కాగితం మీద చాలా చక్కటి ఏర్పాటు.

మేడమ్, మీరు "ఎంతమంది ఉన్నారు" అనే లెక్క వెనక పడితే ఏడు కాస్తా పదిహేను అవుతుంది, పదిహేను మంది పేర్లతో పెద్ద రిపోర్టు అవుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. నేను చూసినంతలో పిల్లలు తప్పిపోయేది గుర్తించడం దగ్గర మాత్రమే కాదు, మెట్టుకీ మెట్టుకీ మధ్య. నేను నా సొంత నోటు పుస్తకంలో మూడేళ్ళుగా ఒక పని చేస్తున్నాను. ప్రతి బిడ్డకి నాలుగు తేదీలు, అంతే:

ఇంట్లోనో అంగన్‌వాడీలోనో మొదట అనుమానం వచ్చిన తేదీ
టీమ్ డాక్టర్ చూసిన తేదీ
మా సెంటర్‌కి మొదటిసారి వచ్చిన తేదీ
మూడోసారి వచ్చిన తేదీ

మూడోసారి ఎందుకంటే, మొదటిసారి అందరూ భయంతోనో ఆశతోనో వస్తారు. రెండోసారి కొందరు వస్తారు. మూడోసారి వచ్చినవాళ్ళు మాత్రం దాదాపు నిలబడతారు, ఇది నా అనుభవం. ఈ నాలుగు తేదీలు పక్కపక్కన పెడితే ఏ ఖాళీ దగ్గర బిడ్డ జారిపోతోందో కళ్ళకి కనపడుతుంది. మా దగ్గర మొదట్లో అందరం తల్లిదండ్రుల్లో అవగాహన లేదు అని అనుకునేవాళ్ళం (మా వాళ్ళకి చాలా ఇష్టమైన మాట ఇది, తప్పు ఎప్పుడూ అటువైపే ఉంటుంది). తేదీలు రాసి చూస్తే తల్లిదండ్రులు అనుమానపడింది ఎనిమిదో నెలలో, మా దగ్గరికి వచ్చింది మూడో ఏట. మధ్యలో వాళ్ళు రెండు మూడు ఆస్పత్రులు తిరిగారు, అందరూ "పెద్దయితే సర్దుకుంటుంది" అన్నారు. అవగాహన లేనిది ఎవరికి?

ఆలస్యం ఎందుకు ముఖ్యమో ఒక్క ఉదాహరణ. వినికిడి విషయంలో ప్రపంచమంతా 1-3-6 అని ఒక కొలత వాడతారు: నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స మొదలు. అది పిల్లల సంఖ్య కాదు చూడండి, అదీ తేదీలే. పాదం వంకర ఉన్న బిడ్డకి మొదటి వారాల్లోనే కట్లు మొదలుపెడితే ఎముక మాట వింటుంది, ఏడాది పోయాక వస్తే కష్టం పది రెట్లు.

ఒక జాగ్రత్త. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి వయసు సరిచేసి చూడాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకి ఎనిమిదో నెల వచ్చిందంటే ఎదుగుదల లెక్కలో ఆరో నెల అని. రెండేళ్ళు వచ్చేవరకు అలాగే చూస్తాం. ఇది తెలియక కొందరు కార్యకర్తలు బాగున్న బిడ్డను అనుమానపు జాబితాలో రాస్తారు, తల్లికి ఊరికే టెన్షన్. ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల కార్డు) పుట్టినప్పటి వివరాలు ఉంటాయి, ముందు అది చూడమనండి.

పడమటి_సూపర్‌వైజర్

ఫిజియో గారూ, నాలుగు తేదీల మాట నచ్చింది. ఎందుకంటే దానికి కొత్త యాప్ అక్కర్లేదు. కానీ మొదటి తేదీ రావాలంటే మొదట ఆ అనుమానం రావాలి కదా. తల్లిని నొప్పించకుండా ఎలా అడగాలి? పై టీచరమ్మకి జరిగిందే మా దగ్గరా జరుగుతుంది.

అట్లాంటా_అమ్మ

అడిగే తీరు గురించి నేను చెప్తాను. మాది గుంటూరు, ఇప్పుడు అమెరికాలో ఉంటున్నాం. మా బాబుకి రెండేళ్ళప్పుడు మాటలు రాలేదు, ఇక్కడి ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో (ఎదుగుదల ఆలస్యమైన చిన్నపిల్లలకి ఇచ్చే సేవలు) ఏడాది ఉన్నాడు.

"మీ బాబుకి వైకల్యం ఉందా" అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. యూనిసెఫ్, వాషింగ్టన్ గ్రూప్ అనే సంస్థ కలిసి 2016లో తెచ్చిన ప్రశ్నల జాబితా ఒకటి ఉంది, అది కూడా అదే పద్ధతి. 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకి ఒకటి, 5 నుంచి 17కి ఒకటి. ఎక్కడా వైకల్యం అనే మాట ఉండదు. "ఇదే వయసు పిల్లలతో పోలిస్తే మీ పాపకి నడవడంలో ఇబ్బంది ఉందా? మీరు చెప్పింది అర్థం చేసుకోవడంలో? చిన్న వస్తువులు వేళ్ళతో తీసుకోవడంలో? ఆడుకోవడంలో?" ఇలా. జవాబు అవును, కాదు అని కాదు. ఇబ్బంది లేదు, కొంచెం ఉంది, చాలా ఉంది, అసలు చేయలేదు, ఈ నాలుగింటిలో ఒకటి. "కొంచెం" అనడానికి ఏ తల్లికీ నోరు అడ్డం రాదు. రెండేళ్ళ లోపు పిల్లలకి మాత్రం ఆ ప్రశ్నలు పనికిరావు, వాళ్ళకి మీ ఎంసీపీ కార్డులో బొమ్మలతో ఉన్న ఎదుగుదల మెట్లే మేలు.

ఇక ఇక్కడి పద్ధతి. 1986లో చట్టం తెచ్చి మూడేళ్ళ లోపు పిల్లలకి సేవలు మొదలుపెట్టారు, ఇప్పుడు ఐడియా అనే దివ్యాంగుల విద్యా చట్టంలో పార్ట్ సీ అంటారు. ఫలానా బిడ్డను చూడండి అని ఎవరైనా చెప్పిన రోజు నుంచి 45 రోజుల్లో పరీక్ష, కుటుంబంతో కూర్చుని ప్రణాళిక రాసుకునే మొదటి సమావేశం అయిపోవాలి. ఎంతమందికి గడువులో చేశారో ప్రతి రాష్ట్రం ఏటా కేంద్రానికి చెప్పాలి, అది అందరికీ కనపడేలా పెట్టాలి. చేరినప్పుడు ఒకసారి, బయటికి వెళ్ళేటప్పుడు ఒకసారి బిడ్డ ఎలా ఉందో మూడు విషయాల్లో చూస్తారు: మనుషులతో ఎలా కలుస్తోంది, కొత్తవి ఎలా నేర్చుకుంటోంది, తనకి కావాల్సినదాన్ని ఎలా సాధించుకుంటోంది. చాలా రాష్ట్రాల్లో ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా అంకె వేస్తారు. మూడోది నాకు చాలా నచ్చింది. మావాడు నీళ్ళు కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్ళేవాడు, నేను దాన్ని లోపం అనుకున్నాను, బాబును చూడ్డానికి వచ్చినామె దాన్ని ఒక మెట్టుగా రాసుకుంది.

అయితే ఇక్కడంతా స్వర్గం అనుకోకండి. ఆరు నెలలైనా సేవలు పొందని పిల్లలు ఆ చేరిక-నిష్క్రమణ లెక్కలోకే రారు. మధ్యలో ఇల్లు మారిపోయినవాళ్ళు, విసిగి మానేసినవాళ్ళు అందులో ఎంతమందో ఆ అంకె చెప్పదు. ఇంకా ఘోరం టెక్సస్ కథ. అక్కడ 2004లో బడుల పనితీరు కొలిచే పట్టికలో ప్రత్యేక విద్యలో ఉన్న పిల్లలు 8.5 శాతం దాటకపోతే మంచి మార్కు అని పెట్టారు. మార్కు కోసం బడులు పిల్లల్ని తీసుకోవడం తగ్గించాయి. పదకొండు, పన్నెండు శాతం దగ్గర ఉన్నది ఏటేటా జారి సరిగ్గా ఆ ఎనిమిదిన్నర దగ్గరికి వచ్చి ఆగింది! 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టింది, 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ అది చట్టవిరుద్ధం అని తేల్చింది. పిల్లల అవసరాన్ని కొలిచే అంకెకి అధికారి మార్కును ముడిపెడితే జరిగేది అదే. మేడమ్, మీ మీటింగ్‌లో "ఏ సెంటర్‌లో ఎక్కువమంది దొరికారు" అని పోటీ మాత్రం పెట్టకండి, అది టెక్సస్‌కి తిరగేసిన కథ అవుతుంది.

చెవుల_నాన్న

నేను తండ్రిని. మా పాపకి పుట్టుకతోనే వినపడదు, ఇప్పుడు ఆరేళ్ళు. చదువుతుంటే ఒక పక్క సంతోషం, ఒక పక్క ఒళ్ళు మంట. మా పాప వివరాలు ఎన్ని చోట్ల ఉన్నాయో ఒకరోజు మా ఆవిడా నేనూ కూర్చుని లెక్కపెట్టాం. అంగన్‌వాడీ, ఆశ, ఆర్‌బీఎస్‌కే, జిల్లా సెంటర్, సదరం (వైకల్య సర్టిఫికెట్), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), ఇప్పుడు భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం). ఏడు. ప్రతి చోటా మొదటి నుంచి అదే కథ చెప్పాలి. ఎప్పుడు తెలిసింది, మేనరికమా, కాన్పు ఎక్కడ జరిగింది. ఒక చోట రాసింది ఇంకో చోటికి పోదు. డేటా లేక కాదండీ, డేటా కాళ్ళు లేనిదై ఉంది.

సర్టిఫికెట్ శాతం సంగతి కూడా చెప్పాలి. శాతం పింఛనుకి కావాలి, కాదనను. కానీ ఆ శాతం చూసి మా పాపకి ఏం నేర్పాలో ఏ టీచరుకీ తెలియదు. చెవి మిషన్ పెట్టుకుంటే ఎంత దూరం నుంచి పిలిస్తే తిరుగుతుంది, ఏ శబ్దాలు పట్టుకుంటుంది, సైగలు ఎన్ని వచ్చు, ఇవి కదా కావాల్సింది. మా ఆవిడ ఒక చిన్న పుస్తకంలో వారం వారం రాస్తుంది. ఆ పుస్తకం చూసి అంగన్‌వాడీ టీచర్ పాపను గోడ వైపు కాకుండా తన ముఖం కనపడేలా ముందు వరసలో కూర్చోబెట్టింది. పైసా ఖర్చు లేదు. మాకు ఇన్నేళ్ళలో డేటా పనికొచ్చింది అంటే ఆ ఒక్కసారే.

ఇంకొకటి మేడమ్, దయచేసి. పిల్లల పేర్లు, ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టనివ్వకండి. మా పాప ఫోటో "దివ్యాంగ బాలిక" అని రాసి ఏదో క్యాంపు గ్రూపులో తిరిగింది, మా బంధువొకాయన నాకే ఫార్వర్డ్ చేశాడు.

ఫిజియో_గారు

నాన్న గారూ, ఆ పుస్తకం మాట బంగారం. మా దగ్గర కూడా తల్లి రాసిన కాగితం తెస్తే నాకు పది నిమిషాల్లో పని తేలుతుంది, లేకపోతే ప్రతిసారీ అరగంట అడగడంతోనే సరి.

శాతాల గురించి ఇంకో ముక్క. సూపర్‌వైజర్ మేడమ్ 1.24 అన్నారు. 2018లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, హైదరాబాద్‌తో సహా దేశంలో ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల్ని డాక్టర్లు కూర్చోబెట్టి పరీక్షించారు. చూపు, వినికిడి, మాట, మూర్ఛ, ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది ఇలా తొమ్మిది రకాలు కలిపితే దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒకటి ఉందని తేలింది. గుమ్మం దగ్గర నిలబడి "మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా" అని అడిగితే వచ్చే లెక్కకీ, బిడ్డను చూసి రాసే లెక్కకీ అంత తేడా. వయసు వేరు, అడిగింది వేరు, కాబట్టి రెంటినీ నేరుగా పోల్చకూడదు. ఊరికే మీ ఏడుగురు ఎంత తక్కువో చెప్పడానికి అన్నాను.

పడమటి_సూపర్‌వైజర్

ఐదు నెలల తర్వాత మళ్ళీ వస్తున్నాను, అప్పుడు జవాబిచ్చిన వాళ్ళకి చెప్పకపోతే బాగుండదని.

24 సెంటర్లలో పెట్టలేదు. ఇష్టపడి ముందుకొచ్చిన ఆరుగురు టీచర్లతో మొదలుపెట్టాను. "వైకల్యం" అనే గడి లేదు. ఇంటి సందర్శనలో ఎలాగూ మాట్లాడతారు కాబట్టి "ఈ ఈడు పిల్లలతో పోలిస్తే" అని ఐదారు ప్రశ్నలు, అవి కూడా కాగితం చూసి చదవకుండా మాటల్లో కలిపి. అనుమానం ఉంటే ఒక పుల్‌స్కేప్ కాగితం, దాని మీద నాలుగు తేదీల గడులు, తల్లి చెప్పిన మాట ఆమె మాటల్లోనే ఒక వాక్యం. కాగితం సెంటర్ బీరువాలో ఉంటుంది, ఫోన్‌లోకి పోదు. ఆరు సెంటర్ల నుంచి 11 పేర్లు వచ్చాయి, అందులో నలుగురు మూడేళ్ళ లోపు. ఇద్దరికి చూస్తే ఏమీ లేదు, ఒకరు నెలలు నిండని బిడ్డే, ఫిజియో గారు చెప్పినట్టే.

అసలు సంగతి తేదీల్లో బయటపడింది. మొదటి గడి నిండి రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్ళు ఐదుగురు. ఎందుకు అని టీచర్లను అడిగితే వాళ్ళకే నవ్వొచ్చింది. మా వైపు నుంచి సంక్రాంతి తర్వాత కుటుంబాలు కుటుంబాలే గుంటూరు వైపు మిరపకాయల కోతలకి పోతాయి, పిల్లల్ని వెంట తీసుకుపోతారు. గతసారి టీమ్ మా ఊళ్ళకి వచ్చింది ఫిబ్రవరిలో. ఆ రోజు సెంటర్‌లో ఉన్న పిల్లల్ని చూశారు, నూటికి నూరు శాతం అయిందని రాసుకుని వెళ్ళారు, అందులో వాళ్ళ తప్పు లేదు. వలస పోయిన పిల్లలు ఆ నూరులో లేనే లేరు. ఇది మాకు తెలియనిది కాదు, ప్రతి ఏడూ చూస్తున్నదే. కానీ ఐదు ఖాళీ గడులు ఒకే కాగితం మీద కనపడేదాకా ఎవరికీ తట్టలేదు.

ఆ కాగితం పట్టుకుని టీమ్ డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. మా సెక్టార్ మటుకు ఒక విడత జూలైలో, ఒకటి నవంబర్‌లో పెట్టుకుందామన్నారు, పై ఆర్డర్లు ఏమీ అక్కర్లేకుండానే. జూలైలో వచ్చారు, ఆ ఐదుగురిలో నలుగురిని చూశారు.

మూడో గడి ఇంకా కష్టంగానే ఉంది. జిల్లా సెంటర్‌కి పోయి రావాలంటే ఒక రోజు కూలీ, ఇద్దరి ఛార్జీలు. ఒక తల్లి "రెండో పిల్లను ఎవరు చూస్తారు" అంది, దానికి నా దగ్గర జవాబు లేదు. ముగ్గురు తల్లుల్ని ఒకే మంగళవారం కలిపి పంపితే ఒకరికొకరు తోడుగా పోయారు, ఆ ముగ్గురిలో ఇద్దరికి నాలుగో గడి కూడా నిండింది. ఈ నెల మళ్ళీ అలాగే పంపుతున్నా.

మీటింగ్‌లో మాత్రం ఇంకా "ఎంతమంది దివ్యాంగులు" అనే అడుగుతున్నారు. ఏడు స్థానంలో పదహారు చెప్పాను, ఎందుకు పెరిగారు అని ప్రశ్న వచ్చింది!

ఆయా_లేని_సెంటర్

అక్కా (మేడమ్ అనబుద్ధి కావడం లేదు ఇక), ఆ కాగితం పేర్లు కొట్టేసి ఫోటో తీసి పెట్టండి. మా సూపర్‌వైజర్‌కి చూపిస్తాను. మా దగ్గర మిరప కోతలు కాదు, ఇటుక బట్టీలు, కానీ వెళ్ళేది ఆ నెలల్లోనే.